నడిమి దర్వాజ

ఆ ఏడు శ్రావణంలో మా ఇంట్లో స్టీలు గిన్నెలు వాటంతట అవే నడవడం మొదలుపెట్టాయి. అర మీద వరసగా బోర్లించిన గిన్నెలు సన్నగా జరుగుతూ జరుగుతూ అంచుకు వచ్చేవి. ఒకటి కింద పడేది. మా ఆమె లింగవ్వ లేచి దాన్ని మళ్ళీ పైన పెట్టేది. కూర్చుని బీడీల చాట ఒళ్ళోకి తీసుకుందో లేదో ఇంకోటి పడేది.

"ఇల్లా ఇది, పిండి గిర్నియా?" అంది ఒకనాడు విసుగొచ్చి.

భూమేశ్ నవ్వాడు. "గది బాస్ అత్తా. గిన్నెలు గూడ డ్యాన్స్ చేస్తున్నయ్ సూడు."

"చేస్తయ్ చేస్తయ్. సొట్టలు ఎవలు తీయాలె?"

భూమేశ్ మా అల్లుడు. కోరుట్లవాడు. వాళ్ళదీ మా కులమేగానీ వాళ్ళింట్లో మగ్గం తాతతోనే పోయింది. తండ్రి దుబాయి, తను దుబాయి. అక్కడ పాటల పెట్టెలు అమ్మే దుకాణంలో పని. ఆ దుకాణం మూతపడితే వాపసు వచ్చాడు. వస్తూ వస్తూ నిలువెత్తు బాక్సులు రెండు, బాస్ దంచేందుకు నీళ్ళ డ్రమ్ము అంత ఊఫరు ఒకటి తెచ్చుకున్నాడు. ఆ సామానుతో, మా ఒక్క బిడ్డ అఖిలతో, ట్రాలీ ఆటో వేసుకుని సిరిసిల్లలో మా ఇంటి ముందు దిగాడు.

దిగిన రోజే తన ఆలోచన చెప్పాడు. కథలాపూర్ నుంచి ముస్తాబాద్ దాకా ఊరూరా కొత్త ఇండ్లు లేస్తున్నాయి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు ఇల్లు కట్టగానే హాల్లో గోడంత టీవీ, దానికి తగ్గ సౌండు కావాలంటున్నారు. అట్లాంటివాళ్ళకు కూర్చోబెట్టి వినిపించే జాగ ఒకటి ఉంటే చాలు, బతికిపోవచ్చు.

"మన షెడ్డు రోడ్డు మీదికి ఉన్నది గదా మామా," అన్నాడు.

"సాంచెలు నడిచినన్ని రోజులు షెడ్డు షెడ్డే," అన్నాను.

నేను ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాదు. ఆ ఒక్క మాటకే భూమేశ్ ముఖం చిన్నబోయింది. అఖిల కళ్ళు దించుకుంది. నాకూ మనసొప్పలేదు. షెడ్డు వెనక మేము కూర్చునే గది ఖాళీ చేసి ఇచ్చాను. లింగవ్వ బీడీల చాట తీసుకుని వంటింటి గడపలోకి మారింది.

మా ఇల్లు చూసినవాళ్ళకు తెలుస్తుంది. ముందు రోడ్డు వైపు షెడ్డు, అందులో నాలుగు సాంచెలు. మరమగ్గాన్ని మేము సాంచె అంటాం. షెడ్డు వెనక ఆ గది. రెండింటికీ నడుమ ఒకటే గోడ. ఆ గోడకు ఒక దర్వాజ ఉండేది, తలుపు ఏనాడూ లేదు. అన్నం, చాయ్, నూలు కండెలు అన్నీ అందులోంచే షెడ్డులోకి వచ్చేవి. మాట కూడా.

మాట అంటే చెవికి వచ్చే మాట కాదు. నాలుగు సాంచెలు నడుస్తుంటే పక్కన పిడుగు పడినా వినపడదు. షెడ్డులో మేము మాట వినం, చూస్తాం. ఎదుటివాడి పెదవులు చూస్తే చాలు. ఇక్కడ పుట్టిన పిల్లలకు అది ఎవరూ నేర్పరు. అఖిల బడి నుంచి వచ్చి ఆ దర్వాజలో నిలబడి, గొంతు లేకుండా పెదవులు కదిపేది. పాస్ అయింది మొదట నాకే చెప్పింది అట్లా. వాళ్ళ అవ్వ తిట్టింది, జామకాయ దొంగిలించింది, పెళ్ళిచూపుల నాడు పిల్లగాడు నచ్చాడు అన్నది, అన్నీ ఆ దర్వాజలోంచే చెప్పింది. పక్కనే నిలబడ్డ లింగవ్వకు ఒక్కటీ తెలిసేది కాదు. "తండ్రీబిడ్డలు మూగోళ్ళ తీరు ఏం మాట్లాడుకుంటరో," అని మూతి తిప్పుకునేది.

ఇంకో సంగతి. ఇన్నేండ్లు సాంచెల నడుమ నిలబడితే సన్న చప్పుళ్ళు పోతాయి. ఫోను మోగడం, గాజులు, కుక్కరు విజిలు నాకు వినపడవు. లావు చప్పుళ్ళు మిగిలాయి. భూమేశ్ పాట పెట్టినప్పుడు అందరికీ పాట వినపడి దాని మీద బాస్ ఎక్కువయ్యేది. నాకు బాసే వినపడేది. గుండె కింద ఎవరో వడ్లు దంచినట్టుండేది. అదే పాట అనుకునేవాణ్ణి.

*

మొదటి గిరాకీ ముస్తాబాద్ నుంచి వచ్చారు. మొగుడూ పెళ్ళాం. మొగుడు మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడట. భూమేశ్ వాళ్ళను సోఫాలో కూర్చోబెట్టి ఏదో పాట పెట్టాడు. నేను షెడ్డులో సాంచె ఆపి, దర్వాజలోంచి చూస్తున్నాను.

ఆ అమ్మ ముందు కొంగు సర్దుకుంది. తర్వాత చెయ్యి రొమ్ము మీద పెట్టుకుంది. తర్వాత లేచి వాకిట్లోకి పోయింది. పైన ట్యూబులైటు వణుకుతోంది. కిటికీ రెక్క టపటప కొట్టుకుంటోంది.

"భూమేశన్నా, ఆపు జర," అన్నాడు ఆ మొగుడు. "తలకాయల మోటరు పెట్టినట్టున్నది. పాట ఏడున్నది గిండ్ల?"

"బాస్ జర ఎక్కువైంది అన్నా, తగ్గిస్త."

"ఊరు ఊరంత తగ్గించినా తగ్గేటట్టు లేదు." చెప్పులు వేసుకుంటూ అన్నాడు. "మా ఆమెకు మొదలే బీపీ."

వాళ్ళు పోయాక భూమేశ్ ఆ గదిలో ఒక్కడే నిలబడ్డాడు. నేను పోయి పక్కన నిలబడ్డాను.  దుబాయిలో దొరల ఇండ్లల్లో బిగించి వచ్చిన మనిషి, మా గదిలో ఓడిపోయాడు.

"గది చిన్నది మామా," అన్నాడు. "బాస్ తిరగనీకి జాగ లేదు. గోడకు తాకి వాపసొస్తది, మల్ల ఎదురు గోడకు పోతది. రెండు గోడల నడుమనే కొట్టుకుంటది. గీ నడిమి గోడ తీసి షెడ్డుల కలిపితె గని మంచిగ కాదు."

"సాంచెలు?"

"రెండు అమ్ముదాం. రెండు వెనుకకు జరుపుదాం."

వెనుకకు జరపడానికి వెనక ఏముంది, వంటిల్లు. అది అతనికీ తెలుసు. అప్పుడు నేత ఆర్డరు మీద ఉన్నాం. దసరాకు ముందే బట్ట దింపాలి. నాలుగూ నడవాలి. అంతకన్నా ముఖ్యం, సాంచె పోతే నేను ఏ మూలకు కూర్చోవాలో నాకు తెలియదు. ఇంకో పని చేతకాదు, ఇంకో మాట రాదు.

"గోడ తీయకుండ తగ్గదా?" అన్నాను.

మా పక్కింటి హబీబుద్దీన్ అప్పుడే వచ్చాడు. సాంచెలు రిపేరు చేసేది ఆయనే. మా గోడా ఆయన గోడా ఒకటే కాబట్టి బాస్‌లో ఆయనకూ వాటా ఉంది. "అరే భూమేశ్, మా ఇంటామె హలీమా నమాజుకు కూసుంటె చాప ఎగురుతున్నది. ఏదన్న చెయ్యి బేటా," అన్నాడు.

భూమేశ్ తల గోక్కున్నాడు. కాసేపు ఫోనులో చూశాడు. "తగ్గియ్యొచ్చు. కష్టమైతది గని," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి గట్టిగా అన్నాడు. "సూద్దాం మామా. బాస్ తగ్గితె గోడ జోలికి రాను. ఇది నా మాట."

హబీబుద్దీన్ విన్నాడు. లింగవ్వ విన్నది. దర్వాజలో నిలబడ్డ అఖిల కూడా విన్నది.

*

ఆ తర్వాత కొన్ని రోజులు నాకు బాగా గడిచాయి. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు మనసు రాదు. అయినా నిజం అదే.

పొద్దంతా సాంచెల మీద ఉండేవాణ్ణి. ఆర్డరు బట్ట పని అయిపోయాక భూమేశూ నేనూ గదిలో పడేవాళ్ళం. ముందు బాక్సులను మూలల్లోంచి గుంజి నడిమికి తెచ్చాడు. కొంత తగ్గింది. ఊఫరు కింద పాత లారీ టైరు ముక్కలు పెట్టాడు. గిన్నెలు నడవడం ఆగింది. బాక్సుల వెనక గుండ్రటి బొక్కలుంటాయి, వాటిలో నా పాత సాక్సులు కుక్కాడు.

"మామా, కంపు కొడితె గిరాకీ పారిపోతది, ఉతికినయేనా?"

"మీ అత్తనడుగు."

లింగవ్వ లోపలినుంచి అంది, "ఉతికినయే. నీ బాస్ కంపు కంటె నయం."

ఇంకా మిగిలింది. మూలల్లో నిలబడితే ఒళ్ళు జల్లుమనేది, నడుమ నిలబడితే అంత ఉండేది కాదు. "బాస్ మూలలకు చేరుతది మామా," అన్నాడు భూమేశ్. "అక్కడ మెత్తగ ఏదన్న లావుగ పెడితె తాగుతది. దుబాయిల దానికి వేరే సామాను వస్తది."

మా షెడ్డులో దూది ధూళి కూడా మూలలకే చేరుతుంది. నాకు ఆ సంగతి సులువుగానే ఎక్కింది. మరకలు పడ్డాయని సేటు వాపసు పంపిన బట్ట తాన్లు అటక మీద ఉన్నాయి. అమ్ముకోలేనివి, పారెయ్యలేనివి. అఖిల కింద నిలబడి అందుకుంది. నేను, భూమేశ్ మూలమూలకు నేల నుంచి పైదాకా పేర్చాం. ఒక్కో తాను భుజం మీద పెట్టుకుని నిచ్చెన దిగుతుంటే అఖిల పెదవులతో అంది, గొంతు లేకుండా, చిన్నప్పటిలాగే. "జర పైలం బాపూ."

ఆ పిలుపు కోసమే ఇంకో పది తాన్లు దింపేవాణ్ణి.

నాలుగో మూల నిండాక భూమేశ్ పాట పెట్టాడు. నేను అరచెయ్యి గోడకు ఆనించి నిలబడ్డాను. గోడ కదలలేదు. నిద్రపోయిన పశువు పొట్టలాగా సన్నగా ఊపిరి ఉంది, అంతే.

హబీబుద్దీన్ కిటికీలోంచి తల పెట్టాడు. "ఎల్లేశన్నా, మీకు కరెంటు పోయిందా? చప్పుడే లేదు."

"పాట నడుస్తున్నది భాయ్," అన్నాడు భూమేశ్.

"అయితే మా హలీమాను పిలుస్త. పాట ఎట్లుంటదో ఇంతవరకు ఇనలే ఆమె."

నాకైతే ఏమీ వినపడలేదు. బాస్ పోతే నాకు పాటే పోయింది. కానీ లింగవ్వ బీడీ చుట్టడం ఆపి గడపలో కూర్చుని పెదవులు కదిపింది. పాటతో పాటు తానూ పాడుతోంది. ఎన్నో ఏళ్ళ కింద నాట్లప్పుడు వాళ్ళ తల్లిగారింట్లో పాడేవాళ్ళట ఆ పాట. నేను ఆమె పెదవులు చూస్తూ పాట మొత్తం విన్నాను. పెళ్ళయిన ఇన్నేండ్లలో ఆమె పాడుతుందని నాకు తెలియదు.

ఊఫరు వెనక బాస్ పెంచే తగ్గించే బిళ్ళ ఒకటి ఉంది. దాన్ని అదే జాగలో ఉంచమన్నాడు భూమేశ్. మేము సాంచె మీద గుర్తు పెట్టుకున్నట్టే ఒక తెల్ల నూలుపోగు తీసి ఆ బిళ్ళకు నిట్టనిలువుగా అతికించాను. పోగు నిలువుగా ఉంటే సరి. పక్కకు వాలితే ఎవరో కదిపినట్టు.

"గోడ ఉన్నట్టే గదా?" అన్నాను భూమేశ్‌తో.

"ఉన్నట్టే మామా," అన్నాడు. నవ్వాడు కూడా.

*

వినాయకుణ్ణి నిలబెట్టిన వారం మళ్ళీ గిన్నె పడింది.

పోయి చూస్తే పోగు పక్కకు వాలి ఉంది. అఖిలను అడిగాను. "ఊడ్చినప్పుడు తాకిందేమో బాపూ," అంది. నిలువుగా తిప్పి వచ్చాను. రెండు రోజులకు మళ్ళీ వాలింది. ఈసారి భూమేశ్‌ను అడిగాను.

"అదురుకు తిరుగుతది మామా," అన్నాడు. "బాస్ అదురు మామూలుగుండదు."

నేను నమ్మాను. ఇంకెవడైనా నమ్మకపోయేవాడేమో. సాంచెకు ఎంత గట్టిగా బిగించినా అదురుకు బోల్టులు వదులవుతాయి. వారానికోసారి పానా పట్టుకుని అన్నీ బిగించుకుంటూ రావడం నా బతుకంతా చేసిన పని. అదురుకు బిళ్ళ తిరగడం నాకు వింతగా తోచలేదు. తోచకపోగా, అల్లుడికీ నాకూ ఒకటే కష్టం అనుకున్నాను. బిళ్ళ వెనక నూలు చుట్టి బిగించాను. అయినా వాలింది. తాన్లు తక్కువయ్యాయేమో అని అటక మీద మిగిలినవి కూడా దింపాను. భుజం వాచింది. లింగవ్వ ఉప్పుకాపడం పెడుతూ అంది.

"నీకెందుకయ్యా గింత కష్టం? పోనీ గోడ తియ్యిమను."

"తగ్గుతది."

"ఏడ తగ్గుతది? తగ్గినట్టే తగ్గి మల్ల ఎక్కుతున్నది, పిల్లగాని జరం తీరు."

గిరాకీ మళ్ళీ ఒకరిద్దరు వచ్చి పోయారు.  భూమేశ్ గోడ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసేవాడు. అఖిల పాపం అనిపించేది. అల్లుడి ఓపిక చూసి నాకే సిగ్గేసేది. ఒకనాడు అన్నం తింటూ, గోడ తీసేస్తే పోదా అని నోటిదాకా వచ్చింది. అంతదాకా వచ్చాను నేను.

ఒక పొద్దు భూమేశ్ జగిత్యాల పోయాడు. ఎవరిదో కొత్త ఇంట్లో సామాను బిగించాలట, సాయంత్రం వస్తానన్నాడు. లింగవ్వ బీడీలు ఇచ్చి రావడానికి కార్ఖానాకు పోయింది. నేను నాలుగు సాంచెలూ నడుపుతున్నాను. మధ్యాహ్నం పొద్దు. దర్వాజ అవతల గదిలో ఎండ పడి ఉంది.

కాళ్ళ కింద తెలిసింది. సాంచెల అదురు నాకు వేరు, ఊఫరు అదురు వేరు. సాంచె అదురు పరుగులో ఉంటుంది. అది ఆగి ఆగి దంచుతుంది. తలెత్తి చూశాను.

అఖిల ఊఫరు వెనకనుంచి లేస్తోంది. చేతిలో ఫోను. ముఖానికి ఎదురుగా పట్టుకుని మాట్లాడుతోంది, భూమేశ్ ముఖం కనపడుతుంది కాబోలు. నాకు ఆమె ముఖం నిండుగా కనపడుతోంది. చెవి కోల్పోయినా నా బిడ్డ పెదవులు నేను కోల్పోలేదు.

"తిప్పిన," అంటోంది. "సగం కంటె ఎక్కువే తిప్పిన. ఇనవడ్తలేదా?"

తర్వాత ఏదో విని నవ్వింది.

"బాపుకేం అనుమానం లేదు. అదురుకు తిరుగుతదంటె నమ్మిండు గదా. మల్ల తాన్లు మోస్తడు సూడు గిప్పుడు. ఇగ నాలుగైదు రోజులు ఓపిక పట్టు. బాపే అంటడు గోడ తియ్యిమని. మనం అడిగినట్టుండద్దు."

అప్పుడు నన్ను చూసింది.

నేను కదలలేదు. సాంచె మీద చెయ్యి అట్లాగే ఉంది. నవ్వు ఆమె ముఖం మీద ఇంకా ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. ఫోను పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. మెడలో ఉన్న చున్నీని పైకి లాగి మూతి మీద కప్పుకుంది. చున్నీ చాటున మాట ఆగలేదు. గుడ్డ కదులుతూనే ఉంది.

షెడ్డులో మేమూ మూతికి గుడ్డ కట్టుకుంటాం. దూది లోపలికి పోకుండా. మాట్లాడాలంటే గుడ్డ కిందికి లాగి మాట్లాడతాం. మాట్లాడడానికని గుడ్డ పైకి లాక్కున్న మనిషిని నేను ఆ రోజే చూశాను. భూమేశ్‌కు తెలియదు నేను పెదవులు చూసి వింటానని. ఈ ఇంట్లో అది తెలిసి, నన్ను చూసి మూతి కప్పుకోగలిగింది ఆమె ఒక్కతే.

మూడో సాంచెలో పోగు తెగింది. ఆపి, ముడేసి, మళ్ళీ నడిపాను. పడుగు నడుమ నాడె పోతోంది, వస్తోంది.

కాసేపటికి అఖిల చాయ్ తెచ్చింది. చున్నీ మెడలోకి దిగింది. నా ఎదురుగా నిలబడి పెదవులు పెద్దగా, విడివిడిగా కదిపింది.

"మల్ల బాస్ ఎక్కింది బాపూ. నీ భుజం సూడు ఎట్లయిందో. ఎంతకని మోస్తవు? తీసేద్దాం గోడ."

చాయ్ తాగాను. గిలాస ఆమె చేతికిచ్చాను.

"సూస్త," అన్నాను.

*

మరునాడు సాంచెలు ఆపాను. ఆర్డరు ఉండగా నేను సాంచెలు ఆపడం లింగవ్వ ఎన్నడూ చూడలేదు. పానం బాగలేదా అని నుదురు పట్టి చూసింది.

హబీబుద్దీన్ ఇంటి వెనక కట్టగా మిగిలిన ఇటుకలు ఉన్నాయి. అడిగితే తానే తోపుడు బండి మీద వేసుకొచ్చాడు. సిమెంటు, ఇసుక కలిపాను. ఆయన నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"గోడ తీస్తరన్నరు గదా అన్నా?"

"దర్వాజ మూస్తున్న."

"అరే. గాలి ఎట్ల మరి?"

"కిటికున్నది."

 ఆయన కూడా షెడ్డు మనిషి. నా ముఖం చూసి, చొక్కా చేతులు మడుచుకుని, ఇటుకలు అందించడం మొదలుపెట్టాడు.

మోకాలి ఎత్తు లేచాక భూమేశ్ వచ్చాడు. రాత్రి ఆలస్యంగా వచ్చినట్టున్నాడు, కళ్ళు నలుపుకుంటున్నాడు.

"మామా, ఏంది గిది? గోడ ఉంచాల్నంటె ఉంచు. దర్వాజ ఎందుకు?"

"బాస్ షెడ్డులకు రాకుండ."

"ఏమైంది మామా? ఎవలన్న ఏమన్నరా?"

నేను ఇటుక పెట్టి, తాపీ పిడితో కొట్టాను. అతని మీద నాకు కోపం రాలేదు. అది నాకే వింతగా ఉంది. అతను బయటినుంచి వచ్చినవాడు, బతుకుదెరువు కోసం ఒక ఎత్తు వేశాడు. నా పక్కన నిలబడి, నాతో చెమటోడ్చి చేసిన పనినే చెడగొట్టాడు. అదీ ఓర్చుకోవచ్చు.

లింగవ్వ వంటింట్లోంచి వచ్చింది. "దర్వాజ మూస్తె అన్నం ఎట్లియ్యాలె నీకు?"

"బయటి నుంచి తే."

"పిచ్చి లేసిందా? వాన పడితె?"

"గొడుగున్నది."

అఖిల అందరి వెనక నిలబడి ఉంది. నేను చేతులు తుడుచుకుని గదిలోకి పోయాను. ఊఫరు వెనక వంగి, వాలిపోయి ఉన్న నూలుపోగును బిళ్ళ మీదినుంచి ఊడదీశాను. తెచ్చి అఖిల అరచేతిలో పెట్టాను. వేళ్ళు మడిచాను.

 అఖిల పిడికిలి విప్పి చూసుకోలేదు.

"ఏంది, ఏమిచ్చినవ్ బిడ్డకు?" అంది లింగవ్వ.

"దారం," అన్నాను.

మళ్ళీ పోయి ఇటుక మీద ఇటుక పెట్టాను. పొద్దు వాలేసరికి దర్వాజ లేదు. పై వరస నేనే కూర్చాను. చివరి సందులోంచి గదిలోకి చూస్తే అఖిల సోఫాలో కూర్చుని పిడికిలి వైపు చూస్తోంది. ఆ సందులో సిమెంటు నింపాను.

*

బతుకమ్మ మొదలుకాక ముందే వాళ్ళు కోరుట్ల పోవడానికి తయారయ్యారు. అక్కడ బస్టాండు దగ్గర వాళ్ళ చిన్నాయన దుకాణం మడిగ ఖాళీ అయిందన్నాడు భూమేశ్. నిజమో కాదో నేను అడగలేదు. పోయేముందు నా కాళ్ళకు మొక్కాడు. "తప్పయింది మామా," అన్నాడు. నాకు అంతా తెలిసిందని అప్పటికి తనకు తెలిసింది. భుజం తట్టి లేపాను.

"బాస్ మంచిగ పెట్టుకో ఆడ," అన్నాను. నిజంగానే అన్నాను.

లింగవ్వ సకినాల డబ్బా కట్టింది, పచ్చడి సీసాలు కట్టింది. ఏడ్చింది. ఆమెకు నేను ఏమీ చెప్పలేదు. చెబితే ఇద్దరం మోయాలి. బిడ్డ మొగుని వెంట పోయింది అనుకుంటే ఆమెకు తేలిక. దర్వాజకు గోడ కట్టిన ముసలాయన మొండితనం వల్ల పోయింది అనుకున్నా ఫరవాలేదు, అట్లనే అనుకుంది. దసరా దాటేదాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

సామాను ఆటోలో ఎక్కించినప్పుడు నేను షెడ్డులో ఉన్నాను. నాలుగూ నడుస్తున్నాయి. షెడ్డు ముందు రేకు తలుపు తెరిచి ఉంది. రోడ్డు మీద ఆటో, ఆటోలో ఊఫరు పక్కన అఖిల. దర్వాజ లేదు కాబట్టి రోడ్డు మీదినుంచే నా వైపు తిరిగింది.

చున్నీ మెడలోనే ఉంది. ముఖం పూర్తిగా నాకు ఎదురుగా పెట్టింది. చిన్నప్పుడు బడి సంచి వేసుకుని నిలబడినట్టే నిలబడబోయింది, ఆటోలో జాగ చాలలేదు, వంగింది. నేను చూస్తున్నానా అని చూసుకుంది. గొంతు లేకుండా, నా ఒక్కడికే తెలిసేటట్టు పెదవులు విప్పబోయింది.

నేను సాంచె వైపు తిరిగాను.

ఏమన్నదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి చెవులు అక్కరలేదు, తల తిప్పితే చాలు. తిప్పలేదు. పడుగు మీద ఎక్కడా తెగని పోగుల్లో తెగిన పోగును వెతుకుతూ నిలబడ్డాను. కాళ్ళ కింద ఆటో కదిలినట్టు తెలిసింది. అంతసేపూ ఆమె చెబుతూనే ఉండి ఉంటుంది.

ఆ గది ఇప్పుడూ అట్లాగే ఉంది. మూలల్లో తాన్లు ఉన్నాయి. లింగవ్వ మళ్ళీ అక్కడ కూర్చుని బీడీలు చుడుతుంది. తాన్లు తీసెయ్యమంటుంది, మాట్లాడితే మాట ఎక్కడికో పోయి ఇంకిపోతుంది, ఇల్లు ఇల్లులాగా లేదు అంటుంది. ఉండనీ అంటాను. అప్పుడప్పుడు బీడీ చుట్టడం ఆపి, నాకు బాగా కనపడేటట్టు ముఖం ఇటు తిప్పి అడుగుతుంది.

"పోయేటప్పుడు బిడ్డ నీకేమో చెప్పింది గదా. ఏమన్నది?"

"సూడలే," అంటాను.